ఉప్పునీళ్ల బొమ్మలు

మా బావ చివరిగా చేసిన పని పక్కింటి పాపకి గౌను కొలతలు తీసుకోవడం. ఆ పిల్ల కుదురుగా నిలబడకుండా గింగిరాలు తిరుగుతుంటే, కసురుకోకుండా టేపు పట్టుకుని దాని చుట్టూ తనే తిరిగాడు. "పెరిగే పిల్ల. రెండు వేళ్లు ఎక్కువే వదులుదాం, వచ్చే ఏడాదికీ పనికొస్తుంది" అని వాళ్లమ్మతో అన్నాడు. టేపు మెళ్లో వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె అన్నారు డాక్టర్లు.

ఆయన దర్జీ. మా అక్క మొగుడు. నేను బడికి వెళ్లే రోజుల్లోనే మా ఇంటి అల్లుడయ్యాడు కాబట్టి ఏనాడూ నేను 'మీరు' అనలేదు, ఆయనా అనిపించుకోలేదు. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా కబుర్లు చెప్పగలిగిన మనిషి. వీధి మూల మీద ఒకే గది కొట్టు, దానికి అద్దం తలుపు, లోపల కత్తిరింపుల బల్ల, బల్ల పక్కన బట్టలు తొడిగి చూసుకునే, నడుం దాకా ఉన్న మూడు గుడ్డబొమ్మలు. వాటిని తమ్ముళ్లని పిలిచేవాడు. "నా ఖాతాదార్లలో వీళ్లే నయం మరదలా. లావెక్కరు, తల లేదు కాబట్టి ఎదురు మాట్లాడరు" అనేవాడు.

ఆయన గురించి రాయమంటే రాయడానికి చాలా ఉంది కానీ, కళ్లు మూసుకుంటే నాకు కనిపించేది మాత్రం మహమ్మారి రోజుల్లోని బావే. ఊరంతా తలుపులు మూసుకుని దిగాలుగా కూర్చున్న ఆ కాలంలో కాలు నిలవని మనిషి ఒక్క ఆయనే.

నేనప్పుడు ఒక చిన్న కంపెనీలో పనిచేసేదాన్ని. ఫోన్ యాప్‌లలో తెర మీద కనిపించే వాక్యాలు రాయడం నా ఉద్యోగం. 'సరే', 'వద్దు', 'మళ్లీ ప్రయత్నించండి' లాంటివి. జబ్బు వ్యాపిస్తున్న కొత్తలో ఆరోగ్యశాఖవాళ్లు మాకొక యాప్ పని అప్పగించారు. ఇద్దరు మనుషులు కాసేపు దగ్గరగా ఉంటే వాళ్ల ఫోన్లు బ్లూటూత్‌తో ఒకదాన్నొకటి గుర్తుపెట్టుకోవాలి. పేరూ ఊరూ ఏమీ అక్కర్లేదు. తర్వాత ఒకరికి జబ్బు తేలితే రెండోవాళ్ల ఫోన్‌కి దానంతటదే కబురు వెళ్లాలి. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాకు తల ప్రాణం తోకకి వచ్చింది.

అక్క పెద్దాసుపత్రిలో నర్సు. వార్డులో ఎవరికి జబ్బు తేలినా ఆ షిఫ్టు మొత్తాన్నీ కొన్నాళ్లపాటు ఆసుపత్రి హాస్టల్లోనే ఆపేసేవాళ్లు. ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో ఎవరికి గుర్తుంటుంది? అడగడానికి వచ్చిన ఉద్యోగికి భయస్తులు అందరి పేర్లూ చెప్పేవాళ్లు. ఇంటికి పోవాలన్న ఆత్రం ఉన్నవాళ్లు ఎవరి పేరూ చెప్పేవాళ్లు కాదు. అక్క గడువు పూర్తయ్యే వేళకి ఇంకెవరికో తేలేది, కథ మళ్లీ మొదటికి వచ్చేది. బావ కొట్టు మూతపడి, ఇల్లు బోసిపోయి, కాలు కాలిన పిల్లిలా గదుల్లో తిరుగుతుండేవాడు.

అలాంటప్పుడు ఆసుపత్రి సూపరింటెండెంటు మాకొక మాట ఇచ్చాడు. ఫలానా రోజుకల్లా యాప్ నమ్మదగ్గదని చూపిస్తే, ఇకమీదట ఫోన్ చెప్పినవాళ్లనే ఆపుతాడు, మిగతావాళ్లని ఇళ్లకి పంపిస్తాడు. చూపించలేకపోతే మళ్లీ ఇంకో తేదీ అడగొద్దన్నాడు. ఆ సంగతి నేను బావకి ఫోన్లో చెప్పాను.

"అంటే మీ అక్కని ఇంటికి తెచ్చేది మీ ఆఫీసన్నమాట" అన్నాడు. ఫోన్ పెట్టేసేలోపే అవతల చెప్పులు వేసుకుంటున్న చప్పుడు వినిపించింది.

అట్లా వచ్చిపడ్డాడు మా ఆఫీసులో. ఈ పనికంతటికీ పెద్ద ఒక ఇంజినీరమ్మ. పొట్టి మనిషి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతుంది, ఎవరు మాట్లాడినా సగంలోనే అర్థమైపోతుంది. ఆవిడ బావని ఎగాదిగా చూసి, యాప్‌ని వాడి చూపించడానికి మామూలు మనిషి ఒకరు కావాలంది. తనకన్నా మామూలు మనిషి ఈ ఊళ్లో దొరకడని బావ ఛాతీ విరిచి చెప్పాడు.

మొదటి యాప్‌లో ఒక బొత్తాం ఉండేది. బయటికి వెళ్లేముందు నొక్కాలి, లోపలికి వచ్చాక నొక్కాలి. బావ వెళ్లేటప్పుడు మర్చిపోయేవాడు, వచ్చాక గుర్తొచ్చి రెండుసార్లు నొక్కేవాడు. మా లెక్కల్లో ఆయన రోజంతా ఇంట్లో ఉండి, పడుకునే వేళకి ఊరి మీద పడ్డ మనిషిలా తేలాడు. ఇంజినీరమ్మ బొత్తాం పీకేసింది. అంతా ఫోనే చూసుకుంటుంది, మనిషి చేయాల్సింది ఏమీ లేదంది. అప్పుడు ఇంకో తంటా. ఏమీ చేయనక్కర్లేకపోతే అది పనిచేస్తోందో నిద్రపోతోందో ఎట్లా తెలిసేదని బావకి అనుమానం. నిమిషానికోసారి యాప్ తెరిచి చూసేవాడు, మూసేవాడు, మళ్లీ తెరిచేవాడు. మధ్యాహ్నానికి ఫోన్లో ఛార్జింగ్ ఖాళీ. చివరికి తెర మూలన చిన్న ఆకుపచ్చ చుక్క పెట్టాం. పనిచేస్తున్నంతసేపూ అది వెలుగుతుంది. ఆ చుక్కని చూసి బావ పొంగిపోయాడు. కాపలా మనిషికీ, ఊడ్చే ఆవిడకీ, లిఫ్టులో ఎక్కిన ప్రతివాళ్లకీ చూపించాడు.

నా వాక్యం వంతు వచ్చింది. జబ్బు మనిషికి దగ్గరగా ఉన్నవాళ్ల తెర మీద కనిపించాల్సిన వాక్యం. నేను రాసింది: 'సంభావ్య సంపర్కం నమోదైనది. తగు జాగ్రత్తలు పాటించగలరు.'

బావ దాన్ని కూడబలుక్కుని చదివాడు. "మరదలా, ఇది ఫోనా, కోర్టు నోటీసా?"

"అయితే నువ్వు రాయి బావా."

"ముందు 'ఏం భయపడకండి' అని పెట్టు. సగం జబ్బు అక్కడే తగ్గిపోతుంది."

నాకూ బాగుందనిపించింది. అట్లాగే రాసి ఊడ్చే ఆవిడ చేతిలో ఫోన్ పెట్టాం, ఉత్తుత్తి కబురని ముందే చెప్పాం కూడా. ఆవిడ మొదటి మాట చదవగానే చీపురు వదిలేసి గోడకి ఆనుకుని కూలబడింది. భయపడొద్దన్నారంటే భయపడాల్సింది ఏదో అయ్యే ఉంటుంది కదయ్యా అంది. బావ నాలుక కరుచుకుని ఆవిడకి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కాపలా మనిషిదీ అదే వరస. ఆఖరికి నిలిచిన వాక్యం ఇది: 'మీరు ఈమధ్య జబ్బు ఉన్న మనిషికి దగ్గరగా ఉన్నారు. కొన్నాళ్లు విడిగా ఉండండి. ఒంట్లో తేడాగా ఉంటే ఇక్కడ నొక్కండి, నర్సు మాట్లాడుతుంది.' నర్సు అన్న మాట మాత్రం బావ పట్టుబట్టి పెట్టించింది.

అసలు కష్టం దూరం కొలవడంలో వచ్చింది. ఎంత దూరాన్ని దగ్గర అనాలో ఫోన్‌కి నేర్పాలంటే బోలెడుమంది మనుషుల్ని కూర్చోబెట్టి చూడాలి. ఆ రోజుల్లో నలుగురు కలిసి నిలబడితేనే పోలీసు విజిల్ వేసేవాడు. మనుషుల్ని ఎక్కణ్నుంచి తెస్తాం? ఇంజినీరమ్మ జుట్టు పీక్కుంటుంటే బావ లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"మనుషులే కావాలా అమ్మా? మా తమ్ముళ్లు పనికిరారా?"

మర్నాడు తోపుడుబండి మీద మూడు బొమ్మలూ ఊరేగుతూ వచ్చాయి. అంతటితో ఊరుకోలేదు. మూతపడ్డ దర్జీ కొట్లన్నింటికీ ఫోన్లు చేసి, తాళాలు తీయించి, ఎక్కడెక్కడి బొమ్మల్నో పోగేశాడు. ఖాళీగా ఉన్న మా ఆఫీసు అంతస్తులో కుర్చీలు బస్సు సీట్లలా వేసి, బొమ్మల్ని కూర్చోబెట్టి, చొక్కాలు తొడిగి, జేబుల్లో ఫోన్లు పెట్టాం. పెళ్లివారి బస్సులా ఉందన్నాడు బావ. కిటికీ పక్కన సీటు కోసం రెండు బొమ్మలు కొట్టుకుంటున్నాయని వాటి మధ్య రాజీ కుదిర్చాడు. పనిమధ్యలో ఇంత నవ్వు నేను ఎన్నడూ ఎరగను.

ఫలితాలు చూసి మేం ఎగిరి గంతేశాం. దగ్గరున్న ప్రతి బొమ్మనీ ఫోన్ పట్టుకుంది. దూరంగా ఉన్న ఒక్కదాన్నీ పొరపాటున పట్టుకోలేదు. ఇంజినీరమ్మ సూపరింటెండెంటుకి సిద్ధమని చెప్పేసింది. బావ ఆగుతాడా, అక్కకి ఫోన్ చేశాడు. పెట్టె సర్దుకో నర్సమ్మా, నిన్ను ఇంటికి తెచ్చే బొమ్మల కొలువు ఇక్కడ నడుస్తోంది అన్నాడు. అక్క నమ్మలేదు, నవ్వింది. ఆ నవ్వు అందరికీ వినపడాలని ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

ఆసుపత్రికి వెళ్లేముందు ఒక్కసారైనా ప్రాణం ఉన్న మనుషులతో చూడాలని ఇంజినీరమ్మ బస్ డిపోవాళ్లని అడిగి అనుమతి తెచ్చింది. డ్రైవర్లు, మెకానిక్కులు ముక్కూ నోరూ కప్పుకుని ఒక పాత బస్సెక్కారు. బావా ఎక్కాడు. ఫోన్లు కొందరి పై జేబులో, కొందరి వెనక జేబులో. కిటికీలన్నీ తీసి డిపో ఆవరణలో బస్సుని చుట్లు తిప్పారు.

దిగాక లెక్క చూస్తే కొంప మునిగింది. వీపులు ఆనించుకుని కూర్చున్న ఇద్దరు డ్రైవర్లు ఎక్కడో చెరో వీధిలో ఉన్నట్టు చూపించింది. అటు చివరా ఇటు చివరా కూర్చుని, ఫోన్లు చేతిలో పట్టుకున్న ఇద్దర్ని పక్కపక్కన కూర్చోబెట్టేసింది. ఇంజినీరమ్మ బస్సు మెట్టు మీద కూర్చుండిపోయింది. తర్వాత నుదురు కొట్టుకుని నవ్వడం మొదలెట్టింది. మనిషి ఒళ్లంతా నీళ్లే, ఫోన్ పంపే తరంగాల్ని నీళ్లు తాగేస్తాయి, కాలేజీలో మొదటి ఏడాదిలోనే చదువుకున్నాను, బొమ్మల్ని చూసిన సంబరంలో పప్పులో కాలేశాను అంది. బొమ్మల లోపల ఉన్నది పీచూ దూదీ. వాటిలోంచి తరంగం హాయిగా దూసుకుపోతుంది.

బావ మొహం చూడలేకపోయాను. అక్కకి పెట్టె సర్దుకోమని చెప్పింది ఆయనే. సూపరింటెండెంటు ఇచ్చిన గడువు దగ్గరపడింది, లెక్క కుదిరేదాకా అంతమందితో రోజుల తరబడి బస్సు నడపడం కుదిరే పని కాదు. డిపో గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగాడు.

"నీళ్లేగా తక్కువ? పోసేద్దాం."

బావకి ఏదైనా పని తగిలితే నిద్రాహారాలు ఉండవు. దళసరి ప్లాస్టిక్ షీటు తెప్పించి మనిషి ఛాతీ కొలతకి సంచులు కుట్టాడు. అందులో ఉప్పునీళ్లు పోయాలి, ఉత్త నీళ్లయితే ఒంటిలా ఉండవు అని ఇంజినీరమ్మ చెప్పింది. పాళ్లు కూడా ఆవిడే చెప్పింది. బావ వేలు ముంచి రుచి చూసి, మనిషి ఇంత చప్పగా ఉంటాడా అని ఆశ్చర్యపోయాడు. సంచులు నింపి బొమ్మల్లో దూర్చి, చొక్కాలు తొడిగి, చేతులు దులుపుకుని నిలబడ్డాం. నిలబడ్డ కాసేపటికే బొమ్మలన్నింటికీ చెమటలు పట్టాయి. నేలంతా చెరువు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ సూదితో బతికిన మనిషికి, ప్రతి కుట్టూ ఒక చిల్లేనని ఆ క్షణందాకా తట్టలేదు. తడిసిన ప్యాంటుతో బొమ్మల మధ్య నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు.

సంచుల్ని బకెట్లో వేసుకుని కొట్టుకి తెచ్చాం. కొట్టు పక్కనే బండి మీద బట్టలు ఇస్త్రీ చేసే ఆయన ఉండేవాడు. బావని అన్నా అనేవాడు. ఆ రోజుల్లో ఆయనకీ గిరాకీ లేదు, బొగ్గులు ఊదుకుంటూ మమ్మల్ని చూస్తున్నాడు. సంగతి విని, కుట్టుతో కాదన్నా, వేడితో అతకాలి అన్నాడు. ఒకసారి ఎవరిదో రెయిన్‌కోటు ఇస్త్రీ చేయబోతే దాని చేతులు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయట. ఆ రోజు తిన్న తిట్లు ఇన్నాళ్లకి ఇట్లా పనికొస్తున్నాయని మురిసిపోయాడు. మధ్యలో కాగితం పెట్టి అంచుల మీద ఇస్త్రీపెట్టె లాగాడు. మొదటి రెండు సంచులు మాడిపోయాయి. మూడోది నిలిచింది. అందులో నీళ్లు పోసి తలకిందులు చేశాడు బావ. ఒక్క చుక్క రాలలేదు. ఇద్దరూ చేతులు కలపబోయి, కలపకూడదని గుర్తొచ్చి మోచేతులు తాకించుకున్నారు.

తర్వాత రోజులు జాతరలా గడిచాయి. నీళ్ల బొమ్మల్ని ఎదురెదురుగా, వీపు వీపుగా, పక్కపక్కన కూర్చోబెట్టి ఫోన్లని పై జేబులో, వెనక జేబులో, సంచిలో మార్చి మార్చి పెట్టాం. నీళ్లతో బొమ్మ బరువెక్కి ఎత్తలేకపోతుంటే, తమ్ముడూ నువ్వూ లావెక్కావురా అని బావ వాపోయేవాడు. ఒళ్లు తరంగాల్ని ఎంత మింగుతుందో ఫోన్ నేర్చుకుంది. నర్సులు ఫోన్‌ని ఎక్కడపడితే అక్కడ పెట్టకుండా, వాళ్ల కోటు మీద ఎడమ భుజం కింద ఒక జేబు ఉండాలన్నాడు బావ. ఇంజినీరమ్మ లెక్కలు చూసి తలూపింది. ఉన్న గుడ్డంతా తీసి వార్డుకి సరిపడా జేబులు కుట్టి పంపించాడు.

డిపోలో మళ్లీ బస్సెక్కారు. ఈసారి బావ ఇద్దరు డ్రైవర్ల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు, ఎంత దగ్గర కుదిరితే అంత దగ్గర ఉండాలన్నది ఆ రోజు పరీక్ష. దిగాక ఇంజినీరమ్మ లెక్క చూస్తున్నంతసేపూ అందరూ బస్సు చుట్టూనే తచ్చాడారు. వీపు వీపు ఆనించినవాళ్లని పట్టుకుంది. దూరంగా ఉన్నవాళ్లని వదిలేసింది. ఇంజినీరమ్మ మెట్లు ఒక్క దూకులో దిగి డిపో ఆవరణలో పరిగెత్తింది, ఎందుకు పరిగెత్తిందో ఆవిడకే తెలియదు. డ్రైవర్లు హారన్లు మోగించారు. బావ ఫోన్ తీసి అక్కతో ఒక్కమాటే అన్నాడు.

"ఈసారి నిజంగా సర్దుకో."

యాప్ ఆసుపత్రిలోకి వెళ్లింది. కొద్దిరోజులకే వార్డులో ఒక ఆయాకి జబ్బు తేలింది. అంతకుముందైతే షిఫ్టు మొత్తం ఆగిపోయేది. ఈసారి కొన్ని ఫోన్లే మోగాయి. అక్క ఫోన్ మోగలేదు. సూపరింటెండెంటు పెద్దమనిషి, మాట నిలబెట్టుకున్నాడు. అక్క పెట్టె పట్టుకుని గేటు బయటికి వచ్చింది. నేనే వెళ్లి తీసుకొచ్చాను. దారంతా మాట్లాడుతూనే ఉంది, ఆయన ఏం తింటున్నాడు, చిక్కాడా, గడ్డం పెంచాడా అని.

ఇల్లు కడిగినట్టుంది. దుప్పట్లు ఉతికి మడతపెట్టి ఉన్నాయి. బావ మాత్రం లేడు. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. ఆసుపత్రి కోట్లు కుట్టే పెద్ద పని ఉన్నపళంగా వచ్చిందట, కొట్టంతా గుడ్డలేనట, అది తేలేదాకా అక్కడే పడుకుంటాడట, గుడ్డ శుభ్రంగా ఉండాలి కాబట్టి ఎవర్నీ లోపలికి రానివ్వకూడదట. అక్క గయ్యిమంది. నేను ఊరుకుంటానా, పెళ్లాం వస్తే పరారైన మొగుణ్ని నిన్నే చూశాను బావా అని ఏడిపించాను. కోట్లు కుట్టేది మీ అక్కలాంటివాళ్ల కోసమేగా అన్నాడు.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం అక్కా నేనూ నడుచుకుంటూ వెళ్లి కొట్టుకి ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడేవాళ్లం. అద్దం తలుపు వెనక బావ కనిపించేవాడు. చెయ్యి ఊపేవాడు. అక్క ఇక చాలు రండి అన్నట్టు సైగ చేస్తే, పని చూపించి, వంగి మిషన్ తొక్కడం మొదలెట్టేవాడు. దాని చప్పుడు ఖాళీ రోడ్డు దాటి మాదాకా వచ్చేది. ఆ చప్పుడు వింటూ అక్క కాసేపు తిట్టేది, కాసేపు నవ్వేది. కొన్నాళ్లకి నున్నగా గడ్డం గీసుకుని ఇంటికొచ్చాడు. వాకిట్లో అక్కని చూసి, నీ కోటు భుజం కాస్త జారింది, సరిచేయాలి అన్నాడు. నోట్లో సూదులున్నా మాట్లాడే మనిషికి అంతకుమించి నోరు పెగల్లేదు.

అక్క ఆ సంగతిని ఏళ్ల తరబడి నలుగురిలో చెప్పి నవ్వించేది. అన్నాళ్ల తర్వాత నేనొస్తే ఈయన మిషన్‌తో కాపురం పెట్టాడు అనేది. బావ తల వంచుకుని నవ్వేవాడు. కాదని ఒక్కసారీ అనలేదు. తర్వాత జబ్బు సద్దుమణిగింది. యాప్‌ని అందరూ ఫోన్లలోంచి తీసేశారు, దాని పేరైనా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

బావ పోయాక వచ్చినవాళ్లలో ఇస్త్రీ ఆయన కూడా ఉన్నాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. అక్క పడుకుని ఉంది. నేను బయటికి వెళ్లాను. ఎక్కణ్నుంచి మొదలెట్టాలో తెలియనట్టు ఉప్పునీళ్ల సంచుల గురించి మాట్లాడాడు, ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత అన్నాడు, అక్క హాస్టల్ నుంచి వచ్చే రోజు పొద్దున అన్న ఇల్లు కడిగి, కొట్టు తాళం సరిచూసుకోవడానికి వచ్చాడని. అప్పుడే ఆయన ఫోన్ మోగిందట. కళ్లజోడు ఇంటి దగ్గర మర్చిపోయి ఇస్త్రీ ఆయన్ని దూరం నుంచే చదవమన్నాడట. జబ్బు ఉన్న మనిషికి దగ్గరగా ఉన్నారు, కొన్నాళ్లు విడిగా ఉండండి అని ఉంది. పరీక్ష రోజు బస్సులో పక్కన కూర్చున్న డ్రైవరే అయి ఉంటాడు. పేర్లు చెప్పకపోవడమే మా యాప్ గొప్ప, అందుకే మాకూ తెలియలేదు.

అన్న అక్కణ్నుంచి అటే కొట్టులోకి పోయి లోపల్నుంచి గొళ్లెం పెట్టుకున్నాడని చెప్పాడు. ఇస్త్రీ ఆయనే గుమ్మంలో అన్నం పెట్టి దూరంగా జరిగేవాడట. నర్సమ్మకి తెలిస్తే ఆగదు, వచ్చి నా పక్కనే కూర్చుంటుంది, దాన్ని మళ్లీ హాస్టల్లో పెడతారు, నోరు జారావో చూసుకో అని ఒట్టు వేయించుకున్నాడట. ఒంట్లో ఏమీ కాలేదు, గడువు కాగానే ఇంటికి వచ్చేశాడు.

కోట్ల పని అబద్ధమా అని అడిగాను.

"ఎక్కడి కోట్లమ్మా," అన్నాడు ఆయన. "దారపు కొట్లన్నీ అప్పటికే మూసేశారు. మిషన్లో దారమే లేదు. మీరొచ్చే వేళకి ఉత్తదే తొక్కేవాడు."